కారం మిల్లు మెషిన్: పేబ్యాక్ చూడాలా, ఎన్‌పీవీ చూడాలా?

గుంటూరులో కారం మిల్లుకు రెండు మెషిన్లు చూశారు, రెండూ 10 లక్షలే, దేన్ని కొనాలన్నది మీ ప్రశ్న. ఖర్చులు పోను మిగిలేది ఇలా అనుకుందాం. మొదటి మెషిన్‌పై రెండేళ్లు 5 లక్షల చొప్పున, మూడో ఏట లక్ష, అంతటితో సరి. రెండోదానిపై ఐదేళ్లు 3 లక్షల చొప్పున.

పెట్టుబడి ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పే పేబ్యాక్ ప్రకారం మొదటిదే మేలు: రెండేళ్లు చాలు. రెండోదానికి మూడేళ్ల నాలుగు నెలలు. కానీ ఆ తర్వాత వచ్చే డబ్బును పేబ్యాక్ పట్టించుకోదు, వడ్డీని అసలే చూడదు. అందుకే నేను ఎన్‌పీవీనే నమ్ముతాను, అంటే రాబోయే డబ్బుకు నేటి విలువ కట్టి, అందులోంచి పెట్టుబడి తీసేస్తే మిగిలేది. రేపటి రాబడిని 12 శాతం వడ్డీతో నేటి విలువకు తగ్గిస్తే మొదటిదానిలో సుమారు 84 వేల నష్టం, రెండోదానిలో 81 వేల లాభం!

ఐఆర్‌ఆర్, అంటే ఎన్‌పీవీ సున్నా అయ్యే వడ్డీ శాతం, కూడా ఇక్కడ రెండోదాన్నే చూపిస్తుంది (మొదటిదానికి 6 శాతం, రెండోదానికి 15 శాతం). అయితే అది శాతమే చెబుతుంది. లక్షపై 30 శాతం కన్నా 10 లక్షలపై 18 శాతమే చేతికి ఎక్కువ ఇవ్వొచ్చు.

మిర్చి ధరలు ఏటా ఒకేలా ఉండవు కదా. అందుకే రెండోదాని రాబడిని రెండున్నర లక్షలకు తగ్గించి మళ్లీ లెక్కేయండి: దాదాపు లక్ష నష్టం తేలుతుంది.