కంచం వేరు చేయాల్సిన జబ్బు కాదమ్మా ఇది

ప్రశ్న: నాకు 46 ఏండ్లు. మాది పరకాల దగ్గర ఊరు. ఇంట్లనే బట్టలు కుడత. మా ఆయన ఎనుమాముల మార్కెట్ల హమాలీ. గర్భసంచిల గడ్డలున్నయని, ఆపరేషన్‌కు హనుమకొండల ఒక ప్రైవేటు దవాఖానకు పోయినం. రక్తపరీక్షల హెపటైటిస్ సి పాజిటివ్ అని వచ్చింది. నర్సమ్మ అందరి ముందట గట్టిగ చెప్పింది. డాక్టరు ‘మాతోని కాదు, హైదరాబాద్ పోండ్రి’ అన్నడు. మా అత్త నా కంచం అడుగున ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టి పక్కకు పెట్టింది. మా ఆయన ‘ఎట్లొచ్చింది?’ అని ఒక్కసారి అడిగి, మళ్ల మాట్లాడలే. నాకు ఏ చెడు అలవాటు లేదు. 1999ల కొడుకు పుట్టినంక రెండు సీసాల రక్తం ఎక్కించిన్రు. 2002ల బిడ్డ పుట్టింది. సూది గుచ్చుకుంటే రక్తం బట్టకు అంటుతది కదా, కుట్టుడు బంద్ చెయ్యాల్నా? నేను బతుకుతనా?

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. హెపటైటిస్ సి అంటే కాలేయాన్ని చెడగొట్టే ఒక వైరస్. ఇది నయమయ్యే జబ్బు. మూడు నెలలు మాత్రలు వేసుకుంటే నూటికి తొంభై అయిదు మందికి పైగా ఒంట్లోంచి వైరస్ పూర్తిగా పోతోంది. 2015కు ముందు ఈ మాట ఇంత ధైర్యంగా చెప్పగలిగేవాళ్లం కాదు. అప్పట్లో నెలల తరబడి ఇంజెక్షన్లు, జ్వరాలు, అయినా చాలామందికి తగ్గేది కాదు. 2015 నుంచి మన హైదరాబాద్ కంపెనీలే ఈ మాత్రలు తయారు చేస్తున్నాయి.

అసలు మీ ఒంట్లో వైరస్ ఇప్పుడు ఉందో లేదో ఇంకా తేలలేదు. ఆపరేషన్‌కు ముందు మామూలుగా చేసేది యాంటీబాడీ పరీక్ష. వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అది చెప్తుంది. వచ్చినవాళ్లలో నూటికి సుమారు ముప్పై మందికి, ఏ మందూ లేకుండానే ఆరు నెలల లోపు దానంతటదే పోతుంది. మీరు ఆ ముప్పై మందిలో ఉన్నారా అన్నది హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ అనే పరీక్షతో తేలుతుంది. వైరల్ లోడ్ అన్నా అదే. ఆ పరీక్ష రాయకుండా, నాలుగు మంచి మాటలు చెప్పకుండా మిమ్మల్ని పంపించేయడం చూసి నాకు బాధేసింది. కోపం కూడా వచ్చింది. ఈ జబ్బు ఉందని ఆపరేషన్ చేయకూడదనేమీ లేదు. గ్లవ్స్, సూదుల జాగ్రత్తలు ప్రతి రోగికీ పాటించాల్సినవే. మీకు రక్తస్రావం ఎక్కువగా అవుతుంటే ఆపరేషన్ సంగతి వాయిదా వేయకండి. హిమోగ్లోబిన్ చూపించుకోండి, ఇంకో గైనిక్ డాక్టరును కలవండి.

కాలేయం సంగతికి వేరే డాక్టరు కావాలి. వాళ్లను గ్యాస్ట్రో డాక్టరు అంటారు. వరంగల్, హనుమకొండల్లోనే ఉన్నారు. ఖర్చు గురించి భయముంటే ముందు వరంగల్ సర్కారు దవాఖాన ఎంజీఎంలో మెడిసిన్ ఓపీకి వెళ్లండి. 2018 జులై 28న కేంద్రం మొదలుపెట్టిన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమంలో పరీక్షలు, మందులు ఉచితం. ‘ఆ కార్యక్రమం కింద నాకు ఆర్‌ఎన్‌ఏ పరీక్ష, మందులు ఎక్కడ ఇస్తారు?’ అని ఈ మాటల్లోనే అడగండి. ఒక కిటికీ దగ్గర తెలియదంటే ఇంకో కిటికీ దగ్గర అడగండి. సిగ్గుపడాల్సిన పని మీరేం చేయలేదు.

మంచి డాక్టరును ఎట్లా గుర్తుపట్టాలంటారేమో. బోర్డు మీది డిగ్రీల కంటే ఆయన మిమ్మల్ని ఏం అడుగుతున్నారో గమనించండి. కాలేయం గట్టిపడిందేమో చూస్తారు. హెపటైటిస్ బి కూడా ఉందేమో పరీక్ష చేయిస్తారు. రెండూ ఉంటే, సి మందు వాడేటప్పుడు బి లేచి కూర్చుంటుంది. గ్యాస్ బిళ్లలు వాడుతున్నారా, ఫిట్స్‌కో గుండెకో టీబీకో మందులున్నాయా అని అడుగుతారు. వాటిలో కొన్ని ఈ మాత్రలతో పడవు. ఇవన్నీ ఓపికగా అడిగే డాక్టరు దొరికితే వదలకండి. ఆ లోపల పసరు మందుల జోలికి పోవద్దు. ఊళ్లో ఎవరో ఒకరు చెప్తారు. అది తాగి కాలేయం ఇంకా చెడగొట్టుకోవద్దు.

ఇక కంచం సంగతి. అది చదివి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. ఇది రక్తంతో అంటుకునే జబ్బు. ఒకే కంచంలో తిన్నా, ఒకే గ్లాసులో తాగినా, పక్కన పడుకున్నా, మనవళ్లను ముద్దాడినా రాదు. మీ అత్తమ్మది కూడా భయమే, ఆమెకు చెప్పినవాళ్లు లేరు. వేరు పెట్టుకోవాల్సినవి బ్లేడు, గోళ్లు తీసే కట్టర్, టూత్‌బ్రష్. ఎర్ర చుక్క వాటి మీద పెట్టమనండి.

కుట్టుడు బంద్ చేయకండి. సూది గుచ్చుకుంటే వేలు కడిగి ప్లాస్టర్ చుట్టండి. బట్టకు రక్తం అంటితే నీళ్లలో కొద్దిగా బ్లీచింగ్ కలిపి తుడవండి, రంగు పోయే బట్టయితే సబ్బుతో బాగా ఉతికి ఆరేయండి. మీ వేలికి గుచ్చుకున్న సూది, పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లల చేతికి ఇవ్వకండి. అంతే. గిరాకీకి చెప్పాల్సిన అవసరం లేదు.

మీ ఆయన మౌనంలో అనుమానం ఉందో భయం ఉందో నేను చెప్పలేను. ఆయనకు ఒక్కటి మాత్రం చెప్పండి. మన దేశంలో రక్తదాతల రక్తానికి ఈ పరీక్ష తప్పనిసరి అయింది 2001-02 కాలంలో. మీకు రక్తం ఎక్కించింది 1999లో. ఖాయంగా దాని నుంచే అని ఎవరూ చెప్పలేరు. ఊళ్లలో ఒకే సూదిని ఉడకబెట్టి పదిమందికి ఇచ్చిన రోజులూ ఉన్నాయి కదా. కానీ ఆ రాత్రి సీసాల కోసం పరుగెత్తింది బహుశా ఆయనే. ఆ రక్తం లేకుంటే మీరు ఇవాళ ఉండేవారో లేదో ఆయనకే బాగా తెలుసు. ఒక పూట కూలి పోయినా సరే, డాక్టరు దగ్గరికి ఆయన్ను వెంట తీసుకుపోండి. ‘ఎట్లొచ్చింది?’ అని ఆయన డాక్టరునే అడగనివ్వండి. భార్యాభర్తల మధ్య ఇది అంటడం చాలా అరుదు, అయినా ఆయన కూడా ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.

కొడుకు పుట్టాకే మీకు రక్తం ఎక్కించారు. బిడ్డ మాత్రం ఆ తర్వాత పుట్టింది. తల్లి ఒంట్లో వైరస్ ఉంటే కాన్పులో బిడ్డకు అంటుకునే అవకాశం నూటికి అయిదారు. అందుకని బిడ్డకు ఒక్క రక్తపరీక్ష చేయించండి. పెళ్లి సంబంధాలు చూస్తున్నారని దాచిపెట్టకండి. ఒకవేళ ఉన్నా ఆమెకూ నయమవుతుంది, పిల్లల్ని కనే ముందే నయం చేసుకుంటే మరీ మంచిది.

మీకు వైరస్ ఉందని తేలితే, కాలేయం మరీ పాడవకపోతే, రోజూ మాత్రలు 84 రోజులు. క్యాలెండర్ మీద గీత కొట్టుకుంటూ పోండి, ఒక్క రోజూ తప్పొద్దు. మందు అయిపోయిన 12 వారాలకు మళ్లీ ఆర్‌ఎన్‌ఏ చేస్తారు. అందులో వైరస్ లేదని వస్తే నయమైనట్టే. కానీ యాంటీబాడీ పరీక్ష మాత్రం ఆ తర్వాత కూడా పాజిటివ్ అనే చూపిస్తుంది. ఎన్నేళ్ల తర్వాత ఏ దవాఖానకు పోయినా ఎవరో ఒకరు మళ్లీ బెదిరిస్తారు. అందుకని ఆ ఆఖరి రిపోర్టును రెండు జిరాక్సులు తీయించి, ఒకటి ఆధార్ కార్డుతో పాటు మీ సంచిలో పెట్టుకోండి, ఇంకొకటి మీ ఆయన చేతికివ్వండి.