హాస్టల్లో ఫోన్లు తీసుకుంటున్నారు, అడిగితే టీసీ ఇస్తామంటున్నారు

విజయవాడలో ప్రైవేటు డిగ్రీ కాలేజీ హాస్టల్. వార్డెన్ అమ్మాయిల ఫోన్లు తీసుకుని వాట్సాప్ చదువుతోందని రాశారు. దాని మీద సంతకాలు సేకరిస్తుంటే, అడ్మిషన్ రోజు రాయించుకున్న "ధర్నాల్లో, ఆందోళనల్లో పాల్గొనను" అనే కాగితం చూపించి టీసీ చేతిలో పెడతామంటున్నారు. ఆ కాగితం చెల్లుతుందా, వెనక్కి తగ్గాలా అని మీ ప్రశ్న.

తగ్గొద్దు. అలాగని రేపే గేటు ముందు కూర్చోవద్దు. నేనూ బెజవాడలోనే అలాంటి కాగితం మీద సంతకం పెట్టి డిగ్రీ చదివాను. ఇప్పుడు గుంటూరు కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను.

ప్రాథమిక హక్కుల్ని ఎవరూ రాసిచ్చి వదులుకోలేరని సుప్రీంకోర్టు 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో చెప్పింది. అయితే అది ప్రభుత్వ సంస్థ మీద నడిచిన కేసు. మీ యాజమాన్యం "మాది ప్రైవేటు, మాకు వర్తించదు" అంటుంది. పైగా క్యాంపస్‌లో రాజకీయాల్ని అదుపు చేసే అధికారం కాలేజీకి ఉందని కేరళ హైకోర్టు 2003లో తీర్పిచ్చింది. కాబట్టి ఆ కాగితంతోనే కుస్తీ పడితే మీ ఓపికంతా అక్కడే అయిపోతుంది. మీరు ధర్నా చేయలేదు, ఫిర్యాదు రాశారు. ఫిర్యాదు చేయనని మీరు ఎక్కడా రాసివ్వలేదు. ఈ ఒక్క మాట మీద నిలబడండి.

ఫోన్ విషయంలో మాత్రం న్యాయం గట్టిగా మీ వైపే ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. 2019లో కేరళలో ఫహీమా షిరిన్ అనే విద్యార్థిని, సాయంత్రం 6 నుంచి 10 దాకా ఫోన్ వాడొద్దన్న హాస్టల్ నిబంధనను ఒప్పుకోనందుకు హాస్టల్ నుంచి బయటికి పంపేస్తే, హైకోర్టుకెళ్లి గెలిచింది. ఆ తీర్పు సంపాదించి చదవండి. అక్కడ ఫోన్ వాడొద్దన్నారు, అంతే. మీ దగ్గర తెరిచి చదువుతున్నారు, అది అంతకంటే ఘోరం.

మా హాస్టల్లో సాయంత్రం ఫోన్లన్నీ ఒక ప్లాస్టిక్ ట్రేలో పెట్టించేవాళ్లు. వెనక తెల్ల ప్లాస్టర్ అంటించి రూమ్ నంబర్ రాసుకునేవాళ్లం. పాస్‌వర్డ్ కూడా రిజిస్టర్లో రాయాలి. ఒకరోజు మెస్‌లో అందరూ తింటుండగా వార్డెన్ ఒక జూనియర్ చాట్‌ని పైకి చదివింది. ఆ పిల్ల కంచం అలాగే వదిలేసి లేచి వెళ్లిపోయింది. అప్పటిదాకా "మనకెందుకులే" అన్నవాళ్లే ఆ రాత్రి మా రూముకొచ్చి సంతకం ఎక్కడ పెట్టాలని అడిగారు.

మా సీనియర్ ఒకామెకి పౌరహక్కుల వాళ్లతో పరిచయం ఉండేది. నినాదాలు తర్వాత, ముందు నిజనిర్ధారణ చేద్దామంది. ఎమర్జెన్సీ అయిపోయాక 1977లో మాజీ జడ్జి తార్కుండే నాయకత్వంలోని పౌరహక్కుల కమిటీ ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్ల మీద చేసిన పని అదే: మనుషుల్ని కలిసి, సాక్ష్యాలు సేకరించి, రిపోర్టు బయటపెట్టింది. మేం ఆ పద్ధతిని హాస్టల్ వరండాలో పాటించాం. ఎవరి ఫోన్, ఏ రోజు, ఎవరు తెరిచారు, పక్కన ఎవరున్నారు. కళ్లారా చూసింది మాత్రమే రాశాం, విన్నది రాయలేదు. వార్డెన్‌నీ అడిగాం. "మీ అమ్మానాన్నలే చూడమన్నారు" అన్న ఆమె జవాబూ అందులో చేర్చాం. సంతకాలు గుండ్రంగా పెట్టాం, మొదటి పేరు ఎవరిదో తెలియకుండా.

ఆఫీసులో క్లర్కు ఆ లెటర్ తీసుకోనన్నాడు. స్పీడ్ పోస్టులో ప్రిన్సిపాల్‌కి పంపి, కాపీ యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కి పెట్టాం. వెంటనే మా ఇళ్లకు ఫోన్లు వెళ్లాయి. అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. "మీ అమ్మాయి గొడవల్లో తిరుగుతోంది" అన్న ఒక్క మాట చాలు, ఆడపిల్ల చదువు ఆగిపోవడానికి. యాజమాన్యాలకు ఇది బాగా తెలుసు. నా ఫ్రెండ్ నాన్నగారు తిరువూరు వైపు నుంచి పని మానుకుని వచ్చారు. ఆమె ముందే ఫోన్ చేసి జరిగిందంతా చెప్పి ఉంచింది. ప్రిన్సిపాల్ చెప్పిందంతా ఆయన నిలబడే విని, "మా పిల్ల చేసిన తప్పేంటో కాగితం మీద రాసివ్వండి సార్, సంతకం పెట్టి తీసుకెళ్తా" అన్నారు. ఎవరూ రాయలేదు. కొద్దిరోజులకు పాస్‌వర్డ్ రిజిస్టర్ కనబడకుండా పోయింది. ట్రే మాత్రం మేం వచ్చేసేదాకా అలాగే ఉంది.

కాబట్టి కాలేజీ వాళ్లు ఫోన్ చేయకముందే మీరే ఇంట్లో చెప్పేయండి. టీసీ బెదిరింపు నోటితో వస్తే ఆ రోజే "ఫలానా తేదీన మీరు ఇలా అన్నారు, కారణం రాతపూర్వకంగా ఇవ్వండి" అని మెయిల్ పెట్టండి.

యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. వేధింపులు, సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవడం కూడా దాని పరిధిలోవే. 15 పనిదినాల్లో రిపోర్టు ఇవ్వాలి. నచ్చకపోతే మరో 15 రోజుల్లో యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కి (విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారికి) అప్పీలు చేసుకోవచ్చు. కమిటీయే లేదంటే ఆ మాటే మొదటి ఫిర్యాదుగా పంపండి.

విద్యార్థి సంఘాలను పిలవాలా అంటే, పిలవండి, కానీ లెటర్ మీరే రాసుకోండి. అలంకార్ సెంటర్ ధర్నా చౌక్ దాకా వెళ్లాల్సి వస్తే పోలీసు అనుమతి తీసుకోండి. సభలు, ఊరేగింపుల మీద ఆంక్షలు పెట్టే పోలీసు చట్టం సెక్షన్ 30 గానీ, గుంపుగా చేరడాన్ని నిషేధించే పాత సెక్షన్ 144 స్థానంలో వచ్చిన 163 గానీ అమల్లో ఉందేమో ముందే కనుక్కోండి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలపాలి, ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. మామూలుగా అయితే సూర్యాస్తమయం తర్వాత ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు.

లాయరు ఫీజు గురించి బెంగ పడకండి. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లందరికీ న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును పెడుతుంది, 15100కి ఫోన్ చేయండి. హైకోర్టు కూడా మీకు దగ్గరే, నేలపాడులో. వెళ్లేటప్పుడు స్పీడ్ పోస్టు రసీదులు, మెయిళ్ల ప్రింట్లు, మీరు రాసుకున్న వివరాలు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. లాయరు ముందు అడిగేది అవే.