బుక్‌మార్కుల సంగతి సరే, ఆ జీఎస్టీ పాస్‌వర్డులు ఎవరి ఫోన్లో ఉన్నాయి?

ప్రశ్న: మాది గుంటూరులో ఆడిట్ ఆఫీసు. ట్యాలీ, బ్రౌజర్ రెండూ రిమోట్ సర్వర్ మీదే. సర్వర్లు రెండున్నాయి. స్టాఫ్ లాగిన్ అయినప్పుడల్లా క్రోమ్ అప్పుడే ఇన్‌స్టాల్ చేసినట్టు ఖాళీగా తెరుచుకుంటోంది. బుక్‌మార్కులు, సేవ్ చేసిన జీఎస్టీ పాస్‌వర్డులు ఉండవు. విసుగొచ్చి నలుగురైదుగురు ఒకే యూజర్‌తో, వాళ్లలో ఒకరి జీమెయిల్‌తో క్రోమ్‌లో సైనిన్ అయి పని కానిస్తున్నారు. సెట్టింగులు నిలబడే దారి చెప్పండి.

జవాబు: ఊరు పేరు మార్చుకుని ఇదే ఫిర్యాదు వస్తూనే ఉంది. మీ సెట్టింగులు ఎవరూ చెరపలేదు. విండోస్ రోమింగ్ ప్రొఫైల్ (మెషిన్ మారినా యూజర్ సెట్టింగులు వెంట వచ్చే ఏర్పాటు), ప్రోగ్రాములు తమ డేటా దాచుకునే యాప్‌డేటాలోని రోమింగ్ ఫోల్డర్‌ను వెంట తీసుకెళ్తుంది, లోకల్ ఫోల్డర్‌ను అక్కడే వదిలేస్తుంది. క్రోమ్ తన సరంజామా అంతా పెట్టుకునేది ఆ లోకల్‌లోనే. నిన్న ఒకటో సర్వర్, ఇవాళ రెండోది తగిలితే ఖాళీ బ్రౌజర్ కాక ఇంకేం వస్తుంది?

మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎఫ్ఎస్‌లాజిక్స్ ప్రొఫైల్ కంటైనర్ పెట్టించండి. యూజర్ ప్రొఫైల్ మొత్తం ఒక వర్చువల్ డిస్కు ఫైల్లో ఉంటుంది, ఏ సర్వర్‌లో లాగినైతే అక్కడికి వచ్చి తగులుకుంటుంది. క్రోమ్ డేటాకు డీ డ్రైవ్‌లో అందరికీ కలిపి ఒకే ఫోల్డర్ చూపిస్తూ షార్ట్‌కట్ చేసిపెట్టే మహానుభావులున్నారు, వాళ్లను సర్వర్ దగ్గరికి రానివ్వకండి. 2024 జూలైలో వచ్చిన 127వ వెర్షన్ నుంచి క్రోమ్ విండోస్‌లో కుకీల (మీరు లాగినై ఉన్నారని సైట్లు గుర్తుపెట్టుకునే చిన్న డేటా) తాళాన్ని ఆ మెషిన్‌కే కట్టేసింది. అందువల్ల సర్వర్ మారినప్పుడు పోర్టల్స్‌లో మళ్లీ లాగిన్ అవ్వాల్సి రావచ్చు. ఆ రక్షణను ఆపే పాలసీ ఉంది కదా అని ఆపేయకండి. కుకీ దొంగల కోసం పెట్టిన అడ్డు అది.

ఇక అసలు సంగతి. ఒకే యూజర్ అంటే విండోస్ దృష్టిలో మీ అయిదుగురూ ఒకే మనిషి. సేవ్ చేసిన పాస్‌వర్డు పక్కనున్న కన్ను గుర్తు నొక్కితే విండోస్ పాస్‌వర్డు అడుగుతుంది. అది అయిదుగురికీ తెలుసు. కిందటేడు మానేసి వెళ్లినవాళ్లకూ తెలిసే ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఏ క్లయింటు ఖాతా తెరిచారో లాగ్‌లో విడిగా తెలియదు.

దీనికి తోడు ఆ జీమెయిల్. సింక్ (ఒకే ఖాతాతో సైనిన్ అయిన అన్ని మెషిన్లకూ బ్రౌజర్ డేటా పంచే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే మీ క్లయింట్ల యూజర్ ఐడీలు, పాస్‌వర్డులు ఆ కుర్రాడి ఫోన్‌కీ, ఇంట్లో పిల్లలు ఆడుకునే ల్యాప్‌టాప్‌కీ చేరిపోయి ఉంటాయి. అతని తప్పేమీ లేదు, బ్రౌజర్ అడిగింది, సరే అన్నాడు. ఇక్కడే నాకు ఒళ్లు మండేది. ఒక మెషిన్‌కు ఒక్కడే యజమాని అన్న లెక్కతో బ్రౌజర్లు తయారుచేస్తారు. అప్‌డేట్ వచ్చాక చూస్తే సైనిన్ అవ్వమని బతిమాలే కిటికీ ఇంకాస్త పెద్దదవుతుంది, వద్దు అనే బటన్ ఇంకాస్త పాలిపోతుంది. ఆఫీసు సర్వర్ మీద పనిచేసే గుమాస్తా ఒకడుంటాడని డిజైన్ చేసేవాళ్లకు తట్టదు. పైగా సింక్‌కు సర్వర్, ఇంటి పీసీ అన్న తేడా ఉండదు.

కాబట్టి మనిషికో యూజర్ ఇవ్వండి. రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సు ఖర్చు మిగుల్చుకోవడానికి ఎంచుకునే చోటు కాదిది. గ్రూప్ పాలసీలో (అందరి సెట్టింగులూ అడ్మిన్ ఒకేచోటి నుంచి పెట్టే విండోస్ సదుపాయం) క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్, బ్రౌజర్ సైనిన్, సింక్ మూడూ ఆపేయండి. జీఎస్టీ, ఇన్‌కమ్‌టాక్స్, ఈపీఎఫ్ లింకులు మేనేజ్డ్ బుక్‌మార్కులుగా మీరే పెట్టేస్తే స్టాఫ్ సర్దుకోవాల్సిందేమీ ఉండదు. పాస్‌వర్డులకు యూజర్‌వారీగా అనుమతులుండే మేనేజర్ విడిగా తీసుకోండి. పాలసీలు నిజంగా అంటుకున్నాయో లేదో అడ్మిన్ లాగిన్‌లో కాదు, మామూలు స్టాఫ్ లాగిన్‌లో క్రోమ్ పాలసీ పేజీ (chrome://policy) తెరిచి చూడండి.

ఇంతా చేసినా, ఆ జీమెయిల్‌కు ఇప్పటికే చేరిన పాస్‌వర్డులు అందులోంచి పోవు. సర్వర్‌లో సింక్ ఆపినంత మాత్రాన పాత కాపీ చెరగదు. ముందు క్లయింట్ల జాబితా తీసి, ఒక్కొక్కరి పాస్‌వర్డూ మార్పించండి. బుక్‌మార్కుల పని ఆ తర్వాత మొదలుపెట్టొచ్చు.