లారీలు కొనకముందే ఈ ఉత్తరం చదువు

తెనాలి

నాయనా,

ఆటోనగర్‌లో ఆఫీసు తీసుకున్నావనీ, మన చుట్టుపక్కల మిల్లుల బియ్యం కాకినాడ పోర్టుకు తోలిస్తావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇక్కడ ఇంటింటికీ చెప్పుకున్నా. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

లారీ కాగితాలు సరిచూసుకో. కాటా చీటీ రెండు చోట్లా తీసుకో. ఇవి నీకు తెలిసినవే.

లారీ ఎక్కడుందో మొబైల్లో చూసుకునే ఏర్పాటు పెడుతున్నావట. పెట్టు. కానీ దారిలో పోయేది ఒక్క రాత్రే. మిల్లు దగ్గర, పోర్టు గేటు దగ్గర పడిగాపులు పడటంలోనే డబ్బంతా పోతుంది. మిల్లు లెక్కలు రాసినదాన్ని కదా, డీజిల్ ఎప్పుడూ అంచనాకి అటూ ఇటుగానే ఉండేది. కొంప ముంచింది హాల్టింగ్ ఖర్చే, అంటే లారీ ఊరికే ఆగి ఉన్నందుకు కట్టే డబ్బు.

మీ మావయ్య సంగతి నీకు తెలీదు, అప్పటికి నువ్వు పసివాడివి. ఓడ వచ్చిందని పార్టీ ఫోన్ చేయగానే గోడౌన్లో సరుకంతా ఒక్కసారే ఎత్తించేశారు. మన వంతు ఎప్పుడో అడగమన్నాను. "సముద్రం సంగతి నీకేం తెలుసు" అన్నారు. కాకినాడ యాంకరేజి పోర్టులో ఓడ ఒడ్డుకు రాదు, దూరంగా లంగరేసుకుని ఉంటుంది. బస్తాలు బార్జీల మీద, అంటే సరుకు మోసే పెద్ద పడవల మీద, ఓడ దాకా వెళ్లాలి. వాయుగుండం పట్టింది, బార్జీలు కదల్లేదు. లారీలన్నీ రోడ్డు పక్కన, పైన వాన. టార్పాలిన్ మీద నీళ్లు గుంట కట్టి, కుట్లలోంచి కారి పై వరస బస్తాలు తడిశాయి. తేమ 14 శాతం దాటితే కొనేవాడు ఊరుకుంటాడా? శాంపిల్ తీసేవాడు బస్తాలో గొట్టం గుచ్చి, గింజలు అరచేతిలో పోసుకుని, వాసన చూసి, మాట్లాడకుండా పక్కన పెట్టించాడట. తడిసిన సరుకుకు తిరుగు కిరాయి కూడా మనమే కట్టుకున్నాం. ఆ ఏడు నా గొలుసు కుదువకు పోయింది. మనిషి బంగారం, తొందరే ఎక్కువ. నీకూ ఆ మేనమామ పోలికే వచ్చింది, ఏం చేస్తాం!

అందుకని బార్జీలోకి ఎక్కించే తేదీ కాగితం మీద వచ్చాకే లారీ పిలువు. ముందు వెళ్లినవి ఖాళీ అవుతుంటే తర్వాతవి కదిలించు. అక్కడే చిన్న గోడౌన్ అద్దెకు తీసుకో, హాల్టింగ్ కంటే చవకే పడుతుంది. తిరుగు లోడుకు ఎరువులు దొరుకుతాయి. ఆ లారీలో మళ్లీ బియ్యం వేసేముందు కడిగించి ఆరబెట్టించడం మాత్రం మరవకు.

సొంత లారీలు అప్పుడే వద్దు. 2023 జూలైలో కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది. మళ్లీ తెరిచింది 2024 సెప్టెంబరులో. అన్నాళ్లూ బ్యాంకు వాయిదాలు ఎవరు కడతారురా? ఇంకోటి, అర్ధరాత్రి డ్రైవర్‌కి ఫోన్ చేసి తరమకు. నిద్రొస్తే పడుకోమను.

ఆదివారం భోజనానికి రా. అప్పట్లో కాకినాడలో మాకు సరుకు దింపించిన మేస్త్రీ కొడుకు ఇప్పుడు అదే పనిలో ఉన్నాడు, నంబరిస్తాను. అప్పటిదాకా ఏ అప్పు కాగితం మీదా సంతకం పెట్టకు.

మీ అత్తయ్య