జైళ్ల పర్యవేక్షణలో పనిచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

లా చివరి ఏడాదిలో ఉన్నానని, కోర్టులో వాదించడం కంటే జైళ్లలో మనుషుల్ని ఎలా ఉంచుతున్నారో చూసే పని చేయాలని ఉందని, దారి మాత్రం తెలియడం లేదని రాశారు. అవన్నీ చూసి తట్టుకోగలనా అన్న టెన్షన్ కూడా ఉందన్నారు. నేను 11 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి నా అనుభవం చెబుతాను.

ముందు ఉచిత న్యాయ సహాయం చేసే చోట చేరండి. నేనూ అలాగే మొదలుపెట్టాను. విచారణ ఖైదీల బెయిల్ కాగితాలు చూడటం నా పని. రెండో నెలలో ఒకాయన ఫైలు నా చేతికొచ్చింది. బెయిల్ వచ్చి 40 రోజులు దాటినా మనిషి ఇంకా లోపలే ఉన్నాడు. ఎందుకా అని వెతికితే, కోర్టు ఆర్డర్‌లో ఆయన పేరులో ఒక అక్షరం తప్పు పడింది. జైలు ఆఫీసు దాన్ని వెనక్కి పంపింది, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. ఆయన్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఒక్క అక్షరానికి 40 రోజులు పోయాయంతే. నేను చూసిన అన్యాయాల్లో చాలావరకు ఇలా కాగితాల్లోనే ఉన్నాయి. అందుకే రిజిస్టర్ చదవడం రాని వాళ్లకు ఈ పని రాదని నా నమ్మకం.

నా మొదటి తనిఖీ కూడా చెప్పాలి. ఆ జైల్లో ఏకాంత నిర్బంధంలో, అంటే ఒంటరిగా గదిలో ఉన్న ఖైదీని సిబ్బంది గంటగంటకూ చూసి రిజిస్టర్‌లో రాయాలి. మేం ఆ గదుల దగ్గరికి వెళ్లేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. సాయంత్రం నాలుగింటికి రాయాల్సిన వరసలో ‘బాగున్నాడు’ అని అప్పటికే రాసి ఉంది. పొద్దుటి నుంచి అన్నీ ఒకే చేతిరాత, ఒకే పెన్ను. నాకు కోపం ఆగలేదు, ఏదో అనబోయాను. మా టీమ్ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ఆపి, గడియారం చూసి, టైమ్ నోట్ చేసుకుని, గత నెల పేజీలు కూడా ఇవ్వమని మామూలుగా అడిగారు. అవీ అలాగే ఉన్నాయి. ఆ రోజు నేను అరిచి ఉంటే ఆ పాత పేజీలు మా చేతికి వచ్చేవి కావు.

చదవాల్సింది చాలా ఉంది గానీ, ముందు నెల్సన్ మండేలా నియమాలు చదవండి. ఖైదీలను ఎలా చూడాలో చెప్పే ఈ నియమాలు ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించినవి, మొత్తం 122. రోజుకు 22 గంటలు లేదా అంతకంటే ఎక్కువసేపు, సరైన మానవ సంబంధం లేకుండా ఉంచితే అది ఏకాంత నిర్బంధమని, వరసగా 15 రోజులు దాటితే దీర్ఘకాలికమని 44వ నియమం చెబుతుంది. అలాంటి దీర్ఘకాలిక నిర్బంధాన్ని 43వ నియమం నిషేధిస్తుంది. తనిఖీ చేసేవాళ్లు చెప్పకుండా వెళ్లవచ్చని, ఎవరితో మాట్లాడాలో తామే ఎంచుకోవచ్చని, ఖైదీలతోనూ సిబ్బందితోనూ ఏకాంతంగా మాట్లాడవచ్చని 84లో ఉంది. ఇవి నోటికి వచ్చి ఉండాలి. గేటు దగ్గర ‘ఈ రోజు కుదరదు’ అన్నప్పుడు పుస్తకం తిరగేసే టైమ్ ఉండదు. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందానికి 2002లో వచ్చిన ఐచ్ఛిక ప్రోటోకాల్ (దేశాలు ఇష్టమైతే చేరే అదనపు ఒప్పందం) కూడా చూడండి. దానిలో చేరిన ప్రతి దేశమూ ఇలాంటి తనిఖీలకు స్వతంత్ర సంస్థను పెట్టుకోవాలి. మీ దేశం చేరి ఉంటే ఉద్యోగాలు అక్కడే ఉంటాయి. లేకపోతే మానవ హక్కుల కమిషన్లు, న్యాయ సహాయ సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు చూడాలి.

ఇక నేను చేసిన తప్పు. ఒకసారి ఆవరణలో అందరూ చూస్తుండగా ఒక్క ఖైదీని పక్కకు పిలిచి అరగంట మాట్లాడాను. చాలా విషయాలు చెప్పాడు. మళ్లీ వెళ్లేసరికి అతన్ని వేరే బ్యారక్‌కు మార్చేశారు. నన్ను చూడగానే తల దించుకుని ‘అంతా బాగానే ఉంది మేడమ్’ అన్నాడు. నేను సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తాను, అతను అక్కడే ఉంటాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. మాట్లాడినవాళ్ల మీద కక్ష సాధించకూడదని ఆ ప్రోటోకాల్ 21వ అధికరణలో ఉంది. కానీ కాగితం మీద ఉన్న రక్షణ చాలదు. అప్పటి నుంచి జాబితాలోంచి చీటీ తీసినట్టు పదిమందిని ఎంచుకుంటాం, అందరితో దాదాపు ఒకే సేపు మాట్లాడతాం. ఎవరు ఏం చెప్పారో బయటివాళ్లు పోల్చుకోకుండా రిపోర్టు రాస్తాం. కొన్ని వారాల తర్వాత మళ్లీ వెళ్లి వాళ్లు ఎలా ఉన్నారో చూస్తాం.

వార్డర్లతోనూ మాట్లాడండి. రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటున్నారు, ఎవరికైనా అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే తాళం ఎవరి దగ్గర ఉంటుంది లాంటివి వాళ్లే చెబుతారు. నా తోటివాళ్లలో కొందరు ఒప్పుకోరు గానీ, జైలు శాఖలోనో, శిక్ష పడినవాళ్లను జైలు బయటే ఉంచి పర్యవేక్షించే ప్రొబేషన్ శాఖలోనో కొన్నేళ్లు పనిచేసి వచ్చినవాళ్లు మంచి పరిశీలకులవుతారని నేను అనుకుంటాను. అయితే తాము పనిచేసిన జైలుకే తనిఖీకి వెళ్లకూడదు. జీతం సంగతీ దాచను. స్వచ్ఛంద సంస్థల్లో ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉద్యోగం. నాకు మధ్యలో ఎనిమిది నెలలు ఖాళీ వచ్చింది, అనువాదాలు చేసి గడిపాను.

తట్టుకోగలనా అన్నారు. మొదటి ఏడాది నాకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు ఒంటరిగా ఏ జైలుకూ వెళ్లను. బయటికి వచ్చాక ఇద్దరం కూర్చుని, చూసిందంతా ఆ సాయంత్రమే మాట్లాడుకుని, రాసేసి లేస్తాం. దగ్గర్లోని న్యాయ సహాయ కేంద్రానికి వెళ్లి, జైలుకు వెళ్లే లాయర్ వెంట ఒక్కరోజు కూర్చుని నోట్స్ రాసిపెడతానని అడగండి. ఆ రాత్రి మీకు ఎలా అనిపించిందో ఇక్కడ రాయండి, జవాబిస్తాను.