క్లచ్ మార్చాక ఇంజిన్ వైబ్రేషన్: ఎక్కడ వెతకాలి?

క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు కొత్తవి వేయించాక, బండి నిలిపి ఉన్నా స్టీరింగ్, సీటు వణుకుతున్నాయా? వెంటనే గేర్‌బాక్స్ మళ్లీ దింపించకండి. ముందు మౌంట్లు (ఇంజిన్, గేర్‌బాక్స్‌లను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) చూడండి. గేర్‌బాక్స్ దించేటప్పుడు వాటిలో కొన్నింటినైనా విప్పక తప్పదు. తిరిగి బిగించేటప్పుడు ఇంజిన్ కాస్త పక్కకు లాగినట్టు కూర్చుంటే రబ్బరు మెలిపడి, వణుకంతా బాడీకి ఎక్కుతుంది. మౌంట్ బోల్టులు వదులు చేసి, ఇంజిన్‌ను కొద్దిగా అటూ ఇటూ కదిపి, అది తన బరువు మీద కుదురుకున్నాక సరైన టార్క్‌తో (కంపెనీ చెప్పినంత బిగువుతో) బిగించాలి. కొన్నిసార్లు దీంతోనే పని అయిపోతుంది. సైలెన్సర్ పైపు ఎక్కడైనా బాడీకి తగులుతోందేమో కూడా చూడండి.

తగ్గలేదా? న్యూట్రల్‌లో ఉంచి మెల్లగా రేస్ ఇవ్వండి. ఆర్‌పీఎమ్‌తో (ఇంజిన్ వేగంతో) పాటు వణుకు పెరిగితే, రేస్ అలాగే పట్టి ఉంచి క్లచ్ పెడల్ పూర్తిగా తొక్కండి. అప్పుడు క్లచ్ ప్లేటు, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే కడ్డీ) ఆగిపోతాయి. ఫ్లైవీల్ (ఇంజిన్ చివర ఉండే బరువైన చక్రం), దానికి బిగించిన ప్రెషర్ ప్లేటు మాత్రం ఇంజిన్‌తో తిరుగుతూనే ఉంటాయి. తొక్కగానే వణుకు మారితే అనుమానం క్లచ్ ప్లేటు మీదకో, రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు ప్రెషర్ ప్లేటును నొక్కే బేరింగ్) మీదకో వెళ్తుంది. ఏమీ మారకపోతే ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటు బ్యాలెన్స్ తప్పి ఉండొచ్చు. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులతో రెండు భాగాలుగా ఉండే ఫ్లైవీల్) ఉన్న బండిలో పాతదాన్నే వాడి ఉంటే, దాని అరుగుదల కొలిచారా అని మెకానిక్‌ను అడగండి.

ఐడ్లింగ్‌లో మాత్రమే కుదుపుగా వణికితే అది మిస్‌ఫైర్ (ఏదో సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) కావచ్చు. క్లచ్ పని చేసేటప్పుడు ఏదో వైరు కనెక్టర్ ఊడి ఉండొచ్చు. బండి కదిలించేటప్పుడు మాత్రమే అదిరితే కొత్త ప్లేటుకు ఆయిల్, గ్రీజు అంటాయేమో చూడాలి.