రెండు లక్షల మంది పూర్వ విద్యార్థులుంటే ఉద్యోగం వచ్చేసినట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయికి రెండు యూనివర్సిటీల్లో కంప్యూటర్ సైన్స్ పీజీ సీటు వచ్చింది. ఒకదాని ఫీజు దాదాపు రెట్టింపు. ‘మా అల్యూమ్నీ నెట్‌వర్క్‌లో రెండు లక్షల మంది ఉన్నారు, ఉద్యోగానికి ఢోకా లేదు’ అంటున్నారు. కంపెనీల్లో మాకు తెలిసినవాళ్లెవరూ లేరు. అప్పు చేసైనా అందులోనే చేర్పించమంటారా? – ఒక తండ్రి

జవాబు: మీ బెంగంతా ‘తెలిసినవాళ్లెవరూ లేరు’ అన్న మాటలో ఉందండీ. ముందు దాని సంగతి చూద్దాం.

మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970 ప్రాంతంలో అమెరికాలో కొత్తగా ఉద్యోగం మారినవాళ్లను ఆరా తీశారు. సగానికి పైగా మనుషుల ద్వారానే ఉద్యోగం సంపాదించారు. అయితే వాళ్లలో తరచూ కలిసే మనిషి వల్ల పొందినవాళ్లు ఆరుగురిలో ఒకరే. మిగతావాళ్లకు దారి చూపింది ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్లు. మన దగ్గరివాళ్లకు తెలిసిన కబురు మనకూ చేరే ఉంటుంది. కొత్త కబురు రావలసింది దూరపు పరిచయాల నుంచే. 2022లో ఉద్యోగ పరిచయాల వెబ్‌సైట్ లింక్డిన్‌లోని రెండు కోట్ల మంది వివరాలతో వెలువడిన అధ్యయనంలోనూ దాదాపు ఇదే తేలింది: బాగా దగ్గరివాళ్లకంటే కొద్దిపాటి పరిచయమున్నవాళ్లే ఎక్కువ అక్కరకొచ్చారు. కాబట్టి పెద్ద ఉద్యోగాల్లో చుట్టాలు లేరని మీ అమ్మాయి వెనకబడిపోదు. తన కోర్సే చదివి నాలుగేళ్ల క్రితం బయటికెళ్లిన సీనియర్ ఆమెకు సరిగ్గా అలాంటి పరిచయం. అలాంటి సీనియర్లు ఫీజు తక్కువున్న రెండో యూనివర్సిటీకీ ఉంటారు.

ఇక ఆ రెండు లక్షలు. అందులో రిటైరైనవాళ్లున్నారు, వేరే సబ్జెక్టులవాళ్లున్నారు, ఈమెయిల్ మారిపోయి జాబితాలో పేరు మాత్రమే మిగిలినవాళ్లున్నారు. మీకు కావలసిన లెక్క వేరు. లింక్డిన్‌లో యూనివర్సిటీ పేజీ తెరిస్తే ‘అల్యూమ్నీ’ అనే ట్యాబ్ ఉంటుంది. ఎక్కడ పనిచేస్తున్నారు, ఏ పని చేస్తున్నారు, ఏం చదివారు అని విడదీసి చూపిస్తుంది. చదివిన సంవత్సరాలు గత ఐదేళ్లకు కుదించి, కోర్సు ఎంచుకొని రెండు యూనివర్సిటీలకూ చూడండి. మీ అమ్మాయి చేరాలనుకునే కంపెనీలో ఒకచోటివాళ్లు నలభై మంది, ఇంకోచోటివాళ్లు ముప్పై ఐదు మంది కనిపిస్తే ఆ ఐదుగురి కోసమా రెట్టింపు ఫీజు? నాలుగైదు ప్రొఫైళ్లలో తేదీలు కూడా చదవండి. కోర్సులో చేరకముందే ఆ కంపెనీలో ఉన్నవాళ్లు కొందరు తగులుతారు. వాళ్ల ఉద్యోగం నెట్‌వర్క్ ఖాతాలో పడదు. చురుకైన పిల్లలనే ఏరి చేర్చుకునే చోట ఆ పిల్లలు తెచ్చుకున్న ఉద్యోగాలను నెట్‌వర్క్ గొప్పగా చెప్పుకోవడమూ మామూలే. బ్రోషర్లో ఒక్క అంకె చూసి అప్పుకు సిద్ధపడ్డారు గానీ, ఈ కోర్సు నుంచి గత రెండేళ్లలో ఎందరికి సీనియర్లు రిఫరల్ ఇచ్చారని ఒక్కసారైనా అడిగారా?

రిఫరల్ అంటే సిఫార్సు అనుకుంటారు చాలామంది. సీనియర్ చేసేది కంపెనీ లోపలి పోర్టల్‌లో రెజ్యూమె ఎక్కించడం. దానితో గుట్టలో పడి ఉండాల్సిన కాగితం రిక్రూటర్ కంట పడే అవకాశం పెరుగుతుంది. టెస్టు, ఇంటర్వ్యూ అందరితో పాటే. ఇక్కడ పిల్లలు చేసే పొరపాటు ఒకటుంది: ముందు వెబ్‌సైట్‌లో తామే అప్లై చేసి, తర్వాత సీనియర్‌ను అడుగుతారు. చాలా కంపెనీల్లో అప్పటికే దరఖాస్తు ఉంటే రిఫరల్ లెక్కలోకి రాదు. ముందు అడగాలి, జాబ్ ఐడీతో (ఆ ఖాళీకి కంపెనీ ఇచ్చిన నంబరుతో) సహా పంపాలి. ‘ఏదైనా ఓపెనింగ్ ఉంటే చూడండి సార్’ అంటే ఆ వెతుకులాట కూడా ఆయన నెత్తిన పెట్టినట్టే.

పాతికేళ్ల క్రితం చదివి వైస్ ప్రెసిడెంట్ అయినాయన చాలావరకు మెయిల్‌ను హెచ్‌ఆర్‌కు పంపి మరిచిపోతారు. రెండు నుంచి ఐదేళ్ల అనుభవమున్నవాళ్లు మేలు. ఏ టెస్టు పెడతారో, ఎక్కడ తప్పుతారో వాళ్లకు గుర్తుంటుంది. మొదటి మెసేజ్ ఇలా ఉంటే చాలు: ‘నమస్తే అండీ. మీరు 2021లో పూర్తిచేసిన కోర్సులోనే నేను ఆఖరి సెమిస్టర్ చదువుతున్నాను. మీరు టెస్టింగ్ నుంచి డేటా ఇంజినీరింగ్‌కు మారారని చూశాను. అందుకు ఏ ప్రాజెక్టు పనికొచ్చిందో పది నిమిషాలు చెప్పగలరా?’ ఇందులో ఉద్యోగం ఊసే లేదు చూడండి. జవాబు రాకపోతే వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేసి వదిలేయాలి. చాలామంది పలకరు, అది అవమానమేమీ కాదు.

కటువుగా ఉన్నా ఒక మాట చెప్పాలి. కూతురి తరఫున మీరు సీనియర్లకు ఫోన్లు చేయకండి. రేపు టీమ్‌లో పనిచేయాల్సిన మనిషి తన సంగతి తాను మాట్లాడుకోలేదన్న అనుమానం అక్కడే పుడుతుంది. తమ పేరు పోతుందని భయపడి రిఫరల్ ఇవ్వబోయినవాళ్లూ వెనక్కి తగ్గుతారు.

నెట్‌వర్క్ కోసం ఎక్కువ ఫీజు కట్టడం కొన్ని చోట్ల సబబే. ప్రకటనలు రాకుండానే ఖాళీలు నిండిపోయే చిన్న రంగాల్లో, కొత్త దేశంలో స్థిరపడాలనుకున్నప్పుడు సీనియర్ల ఊతం నిజంగా పెద్దది. కంప్యూటర్ సైన్స్ అలాంటి రంగం కాదు.

ఫీజు గడువుకు ముందే రెండు యూనివర్సిటీల్లోనూ ఐదుగురేసి సీనియర్లకు మీ అమ్మాయినే రాయమనండి. ఎక్కడివాళ్లు పలికారో, ఏం చెప్పారో తననే రాసిపెట్టుకోమనండి. అప్పు సంగతి ఆ కాగితం ముందు పెట్టుకుని ఇద్దరూ మాట్లాడుకోండి.